కుడి చెవికి ఇంప్లాంటు, ఎడమ చెవికి మిషను: ఆ కాయిల్ వైరుతోనే నా గొడవంతా

ఏళ్ల తరబడి రెండూ వాడుతున్నాను కాబట్టి ఏది మంచిదని అడుగుతుంటారు. నేను ముందు చెప్పేది కాయిల్ వైరు సంగతి. లక్షలు పోసి ఆపరేషన్‌తో చెవి లోపల పెట్టించుకున్న కాక్లియర్ ఇంప్లాంటు, చెవి మీద ఉండి చప్పుడు పట్టే ప్రాసెసర్ నుంచి తలకు అతుక్కునే అయస్కాంతం దాకా వెళ్లే ఓ సన్నటి వైరు దయమీద నడుస్తుంది.

మాది తణుకులో చీరల కొట్టు. పెళ్లిళ్ల సీజన్లో, జనం కిటకిటలాడుతుండగా, తల ఓ వైపు తిప్పితే మాట వస్తోంది, ఇంకో వైపు తిప్పితే పోతోంది. బ్యాటరీలు మార్చాను. రాత్రంతా తేమ లాగేసే డ్రై బాక్సులో పెట్టాను. పొద్దున్నే తగిలిస్తే చప్పుడే లేదు. రోజూ తీసి పెట్టడంలో వంగి వంగి, ప్రాసెసర్‌లో దిగే చోట వైరు లోపలే తెగింది. పైకి చిన్న గీతయినా లేదు. సెంటర్లో స్పేర్ లేదు. "హైదరాబాద్ నుంచి రావాలండీ, ముందు డబ్బు కట్టండి" అన్నారు. వచ్చేదాకా గల్లాపెట్టె దగ్గర మా ఆవిడే కూర్చుంది.

మిషను ఆగితే గట్టిగా అరిచిన మాటయినా అందుతుంది. ఆపరేషన్ తర్వాత నా కుడి చెవిలో సొంతంగా మిగిలిన ఆ కాస్త వినికిడీ పోయింది. ప్రాసెసర్ ఆగితే ఆ వైపు ఏమీ లేదు. అన్నాళ్లూ నన్ను ఆదుకుంది ఎడమ చెవి మిషనే.

అలాగని ఇంప్లాంటును తక్కువ చేయను. కుడి చెవిలో మిషను ఎంత పెంచినా చప్పుడే పెరిగేది. పట్టు, కట్టు, తట్టు అన్నీ ఒకేలా వినపడేవి. చప్పుడును నరానికి అందించే లోపలి రోమకణాలు దెబ్బతిన్నాయి మరి. ఇంప్లాంటు వాటిని దాటేసి నేరుగా నరానికే విద్యుత్తు అందిస్తుంది. మ్యాపింగులు, అంటే ప్రాసెసర్‌ను నా చెవికి తగ్గట్టు సర్దడాలు, కుదిరాక, వెనక నుంచి "పట్టు చూపించండి" అంటే తిరిగి పెదాలు చూడకుండానే తెలిసింది! ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఫోను కూడా బాగుందని అప్పట్లో అందరికీ చెప్పాను. అది ఇంట్లోవాళ్ల గొంతుల వరకే, కొత్తవాళ్లయితే అబ్బాయికిచ్చేస్తాను. పాటకు ఎడమ చెవే దిక్కు. వేల రోమకణాలు చేసే పనిని, కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు చేయాలి. సన్నాయి వింటే రేకు మీద గీకినట్టుంటుంది.

నాది పెద్దయ్యాక పోయిన వినికిడి. పుట్టుకతో వినపడని పిల్లల సంగతి వేరు, వాళ్లకు ఆలస్యం చేయకూడదు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ), వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకం ఉన్నాయి. నాబోటివాళ్లకు, మిషనుతో మాట తెలుస్తున్నన్నాళ్లూ ఆపరేషన్‌కు తొందరపడమని చెప్పలేను. చేయించుకునేట్టయితే, ధర మాట్లాడేటప్పుడే రెండో కాయిల్ వైరు కలిపించి కాగితం మీద రాయించుకోండి. వైరు లేకుండా తలకే అతుక్కునే ప్రాసెసర్లూ వచ్చాయి. కొట్లో రోజంతా వంగుతూ లేస్తూ ఉండేవాణ్ని, చెమటకు జారిపడుతుందేమోనని నేనింకా మారలేదు.