మా చెల్లి పెళ్లి వీడియో: పాట ఒకటి చెప్తుంటే బొమ్మ ఇంకోటి చూపించింది

మా చెల్లి పెళ్లి ఫిబ్రవరిలో అయ్యిందండి, రాజమండ్రి దగ్గర మా ఊళ్లోనే. ఫోటోలు, ట్రెడిషనల్ వీడియో, కాండిడ్, డ్రోన్, ఎల్‌ఈడీ వాల్ అన్నీ ఒకే స్టూడియోకి ఇచ్చాం. పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే చివరికి పని బాగానే చేసిచ్చారు. ఫోటోలు చాలా బాగొచ్చాయి, ఆల్బమ్ చెప్పిన టైముకే ఇచ్చారు, కుర్రాళ్లు మర్యాదగా ఉన్నారు, భోజనాల దగ్గర కెమెరా మొహం మీద పెట్టి ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు. నేను రాసేదంతా ఆ 6 నిమిషాల హైలైట్స్ వీడియో గురించే, ఎందుకంటే జనం మళ్లీ మళ్లీ చూసేది అదొక్కటే కదా, మూడు గంటల ఫుల్ వీడియో ఎవరు పెట్టుకుంటారు.

మేం అడిగిన పాట శ్రీ సీతారాముల కల్యాణము చూతము రారండి. 1961లో వచ్చిన సీతారామ కల్యాణంలోది, సముద్రాల సీనియర్ గారు రాశారు, గాలి పెంచల నరసింహారావు గారి సంగీతం, సుశీల గారు పాడారు. పెళ్లిపందిట్లో మైకులో వందలసార్లు విని ఉంటాం, అందుకేనేమో మాటలు వినడం మానేశాం. నిజంగా కూర్చుని వింటే ఆ పాటలోనే షాట్లన్నీ వరసగా ఉన్నాయండి. ముందు రండి చూద్దాం అని పిలుపు, తర్వాత పెళ్లికూతురికి కల్యాణం బొట్టు, నుదుట బాసికం, పాదాలకి పారాణి, తర్వాత పెళ్లికొడుక్కి సంపెంగ నూనె, కస్తూరి నామం, చెంప మీద చుక్క, ఆ తర్వాత తలంబ్రాలు. ఇంతకంటే ఎడిటర్‌కి ఏం కావాలి చెప్పండి.

ఫస్ట్ వెర్షన్ వచ్చింది. పారాణి అన్న మాట దగ్గర ఫంక్షన్ హాలు మీద డ్రోన్ తిరుగుతోంది. బాసికం అంటుంటే పెళ్లికొడుకు కారు దిగి కళ్లజోడు పెట్టుకుంటున్నాడు స్లో మోషన్‌లో. తలంబ్రాలు దగ్గర బిందెలో ఉంగరం వెతుకుతున్నారు. బీట్‌కి కట్ మాత్రం కరెక్ట్‌గా పడింది, అందులో తప్పు పట్టడానికి లేదు, కానీ మాట ఒకవైపు బొమ్మ ఒకవైపు పోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. మా మేనత్త పారాణి పెడుతుంటే చెల్లి చక్కిలిగింతలకి కాలు లాగేసుకుని నవ్విందండి, ఆ షాట్ వాళ్లిచ్చిన పెన్‌డ్రైవ్‌లో రా ఫుటేజ్‌లో, అంటే ఎడిట్ చెయ్యని వీడియోలో, ఉంది, హైలైట్స్‌లో లేదు!

ఇంకా బాధనిపించింది అప్పగింతల దగ్గర. ట్యూన్ ఏడుపు తెప్పించేలా ఉందని ఒక లవ్ ఫెయిల్యూర్ పాట వేశారు. అందులో వాడు నన్ను మోసం చేసి వెళ్లిపోయావు అని ఆ అమ్మాయిని తిడతాడు, దాని మీద మా నాన్న చెల్లి చెయ్యి అల్లుడి చేతిలో పెడుతున్నాడు. నాన్న చూసి ఏం అనలేదు, లేచి బయటికెళ్లిపోయారు.

మర్నాడే ఫోన్ చేసి నేనూ పిన్నీ వెళ్లాం. పాట కాగితం మీద రాసుకుని తీసుకెళ్లాం, ఒక్కో లైను పక్కన ఏ షాట్ ఉందో టైముతో సహా. ఎడిటింగ్ చేసే తమ్ముడు ఓపిగ్గా విన్నాడు, విని ఒక మాట అడిగాడు, "అక్కా, మాటకి మాట పెట్టేస్తే పాత మిక్సింగ్‌లా అయిపోదా?" అని. కరెక్టే. మా అమ్మావాళ్ల పెళ్లి క్యాసెట్‌లో చందమామ అంటే చందమామ వస్తుంది, పువ్వు అంటే పువ్వులోంచి అమ్మ మొహం వస్తుంది. అది నాకిష్టమే కానీ ఇప్పుడు అలా వద్దు. అతను సంగీత్‌కి వేసిన నాటు నాటు ముక్కని మేం ముట్టుకోలేదు. ఆ పాటలో చంద్రబోస్ గారు పోట్లగిత్తనీ పోతరాజునీ జొన్నరొట్టెలో మిరపతొక్కునీ పెట్టారు, ఒక్కటీ తెర మీద కనపడదు, తీసింది ఉక్రెయిన్‌లో కీవ్ ప్యాలెస్ ముందు. అయినా పాటకి బొమ్మకి తేడా అనిపించదు, ఎందుకంటే ఆ మాటలన్నీ ఎలా ఆడాలో చెప్పేవి, ఆ ఊపు కాళ్లలో ఉంది, లేచిన దుమ్ములో ఉంది. మావాళ్ల డాన్సులకి బీట్ చాలు. కానీ బొట్టు పెట్టి, పారాణి పెట్టి అని పాట చేస్తున్న పని చెప్తుంటే కన్ను ఆ పనినే వెతుకుతుంది కదండీ.

తలంబ్రాల లైను గురించి మాత్రం ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. తెల్లటి ఆణిముత్యాలు జానకి దోసిట్లో ఉంటే కెంపుల్లాగా, రాముడి దోసిట్లో నీలాల్లాగా కనిపిస్తున్నాయంటారు అందులో. మన శుభలేఖల మీద పైన వేసే జానక్యాః కమలామలాంజలిపుటే శ్లోకంలో ఉన్న ఊహే అది, మా చెల్లి శుభలేఖ మీదా ఉంది. ఆ సినిమా చూస్తే బ్లాక్ అండ్ వైట్! తెర మీద ఎరుపూ లేదు నీలమూ లేదు, రంగంతా మాటే ఇచ్చింది. మనకి కెమెరాలో అన్ని రంగులూ వస్తున్నాయి, చెల్లి అరచేతులు గోరింటాకుతో ఎర్రగా పండాయి, వీళ్లేమో ఇప్పుడు ట్రెండ్ అని పేస్టెల్ టోన్ వేసి ఆ ఎరుపుని వెలిసిపోయిన ఇటుక రంగు చేశారు. ఆ ఒక్క పాటకైనా రంగు వెనక్కి తెమ్మన్నాను. దోసిలి క్లోజప్ ఒకటి వాళ్ల దగ్గరే ఉంది, ఎర్రటి చేతుల్లో పసుపు బియ్యం, మధ్యలో రెండు మూడు ముత్యాలు, అది తలంబ్రాల షాట్లలో అన్నిటికంటే బాగుంది, ఫోకస్ కొంచెం ఆలస్యంగా పడిందని పక్కన పెట్టేశారట.

రెండో వెర్షన్‌కి ఇంకో నెల పట్టింది, నాలుగైదు ఫోన్లు చెయ్యాల్సొచ్చింది, అందుకే 5కి 4 ఇస్తున్నాను. కానీ వచ్చింది చూస్తే మేం చెప్పినదానికంటే బాగా చేశాడు. చూతము రారండి అన్న పిలుపుకి పెళ్లికూతుర్ని చూపించలేదు, మావయ్యగారి ఊరి నుంచి వచ్చిన వ్యాను, అందులోంచి మా అమ్మమ్మని చెయ్యి పట్టుకుని దింపడం, చెప్పులు విప్పే చోట పిల్లల గొడవ, ఇవి పెట్టాడు. ఇది మాకు తట్టలేదు. అప్పగింతలకి పాటే తీసేసి సన్నాయి ఉంచాడు, మధ్యలో నాన్న గొంతు వినపడుతుంది.

ఎవరైనా ఇలా చేయించుకునేటప్పుడు మూడు విషయాలు ముందే మాట్లాడుకోండి. మార్పులు ఎన్నిసార్లు ఫ్రీనో కాగితం మీద రాయించుకోండి, మాకు రెండుసార్లన్నారు, మూడోసారికి డబ్బులన్నారు. రా ఫుటేజ్ కచ్చితంగా తీసుకోండి, అది లేకపోతే ఆ పారాణి షాట్ ఉందని నాకు తెలిసేదే కాదు. సినిమా పాట వేసిన వీడియో యూట్యూబ్‌లో పెడితే పాట హక్కులున్న కంపెనీ నుంచి క్లెయిమ్ రావచ్చు, మాకది ముందు చెప్పలేదు, మేం పెట్టాక వచ్చింది. అందుకని ఇప్పుడు పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టుకునే చూస్తున్నాం. పారాణి దగ్గర పాట సౌండ్ కాస్త తగ్గించి చెల్లి నవ్వు వినపడేలా చేశాడు ఆ తమ్ముడు, అమ్మమ్మ అక్కడికి రాగానే వెనక్కి తిప్పమంటుంది.