సీసీ కెమెరాలు బిగించినవాళ్ళు వెళ్ళేలోపు రౌటర్ సెట్టింగులు చూసుకోండి

ఇంటికి సీసీ కెమెరాలు పెట్టించుకుంటున్నవాళ్ళు బ్యాలెన్స్ డబ్బు కట్టేముందు ఇది చదవండి. షాపు పేరు రాయడం లేదు. ఇలా చేసేది ఆ ఒక్క షాపే కాదు.

కెమెరాలు, డీవీఆర్ (రికార్డింగ్ పెట్టె), బిగింపు అన్నీ కలిపి ఒక రేటు మాట్లాడుకున్నాం. ఎక్కడున్నా ఫోన్‌లో చూసుకోవచ్చన్నారు, కనబడింది కూడా. అందుకోసమని నెట్ వాళ్ళ దగ్గర విడిగా డబ్బు కట్టించి స్టాటిక్ ఐపీ, అంటే మారని నెట్ అడ్రస్, తీయించారు. కొన్నాళ్ళకు స్క్రీన్ మీద కెమెరా పేరు 'గేట్' అని ఉండాల్సిన చోట 'హ్యాక్డ్' అని కనబడింది. డీవీఆర్ లాగ్ తెరిస్తే అర్ధరాత్రి అడ్మిన్ పేరుతో లాగిన్లు, అన్నీ ముక్కూ మొహం తెలియని ఐపీల నుంచి. షాపుకు ఫోన్ చేస్తే "నెట్ ప్రాబ్లం సార్, రీస్టార్ట్ చేయండి" అన్నారు!

రౌటర్ పేజీలో చూస్తే డీఎంజెడ్ ఆన్ చేసి, అందులో డీవీఆర్ అడ్రస్ పెట్టి ఉంది. పోర్టు అంటే నెట్ నుంచి పరికరంలోకి వెళ్ళే తలుపు లాంటిది. పోర్ట్ ఫార్వర్డింగ్ అయితే చెప్పిన పోర్టు ఒక్కటే తెరుచుకుంటుంది. డీఎంజెడ్ అలా కాదు, బయటి నుంచి ఏ పోర్టుకు ఏమొచ్చినా ఆ పరికరం మీదికే తోస్తుంది. పాలవాడి కోసం ఇంటి తలుపులన్నీ బార్లా తీసి పడుకున్నట్టు. పైగా పాస్‌వర్డ్ ఒకటి నుంచి వరసగా అంకెలే.

"మా కెమెరాల్లో ఎవడికేం కావాలి" అనుకోకండి. వాళ్ళకు కావలసింది మన పరికరం, మన నెట్. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి డీవీఆర్లనీ కెమెరాలనీ అరవై పైచిలుకు ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే లొంగదీసుకుంది. ఆ అక్టోబరు 21న వాటితోనే డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే సేవ) కంపెనీ మీద దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి తెరుచుకోలేదు. రీస్టార్ట్ చేస్తే మిరాయ్ పోతుంది, నిజమే. పాత పాస్‌వర్డే ఉంటే కాసేపట్లో మళ్ళీ ఎక్కుతుంది.

పోర్ట్ నంబర్ మార్చేశామంటే సరే అనకండి. ఉన్నవి 65,535 పోర్టులే, అన్నీ వెతికే స్కానర్లు ఉన్నాయి.

అసలు చాలా డీవీఆర్లకు కంపెనీ యాప్‌తో పీ2పీ వ్యూ ఉంటుంది. డీవీఆరే బయటికి కనెక్ట్ అవుతుంది కాబట్టి పోర్టు తెరవక్కర్లేదు, స్టాటిక్ ఐపీ దండగ. కంపెనీ సర్వర్ మీద నమ్మకం లేకపోతే వైర్‌గార్డ్ వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌లోకి తాళం వేసిన దారి) ఉన్న రౌటర్ తీసుకోండి. దానికి ఒక్క యూడీపీ పోర్టు చాలు, సరైన కీ లేనివాడికి అది జవాబే ఇవ్వదు. పోర్ట్ ఫార్వర్డింగే కావాలంటే కావలసిన పోర్టు ఒక్కటే తెరవండి, డీవీఆర్ ఐపీ మారకుండా రౌటర్‌లో రిజర్వ్ చేయండి, డీవీఆర్ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించండి. రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే సెట్టింగు ఆపేయండి, లేకపోతే డీవీఆర్ మనల్ని అడక్కుండా తానే పోర్టు తెరిపించుకోగలదు.

ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో బ్రౌజర్‌లో మీ ఇంటి పబ్లిక్ ఐపీ (బయటికి కనబడే నెట్ అడ్రస్) కొట్టి చూడండి. డీవీఆర్ లాగిన్ పేజీ వచ్చిందంటే ఊరందరికీ వస్తున్నట్టే. ఈ పరీక్ష బిగించినతను ఉండగానే చేయండి. రౌటర్, డీవీఆర్ పాస్‌వర్డులు రెండూ అతని ముందే మార్చేయండి. మేం కట్టిన స్టాటిక్ ఐపీ డబ్బు అడిగితే "అది నెట్ వాళ్ళది, మాకు సంబంధం లేదు" అన్నారు.