అరుదైన పేరు కోసం డబ్బు కట్టి తీసుకున్న సేవ: ఏది పనికివచ్చింది, ఏది రాలేదు

పుట్టిన బిడ్డకు చుట్టుపక్కల ఎవరికీ లేని పేరు పెట్టాలన్న కోరిక ఇప్పటి యువ దంపతులలో బలంగా కనిపిస్తోంది. ఆ కోరిక తీర్చడానికి డబ్బు తీసుకొని పేర్లు సూచించే సంస్థలు కూడా పుట్టుకొచ్చాయి. మా తమ్ముడికి కూతురు పుట్టినప్పుడు తమ్ముడూ మరదలూ అటువంటి ఒక సంస్థను ఆశ్రయించారు. మేనత్తగా పేరు ఎంపికలో నాకూ మాట ఉంది కనుక, వాళ్లు పంపినదంతా మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి, అనుమానం వచ్చినవన్నీ నిఘంటువులతో సరిచూశాను. ఇదే దారిలో ఉన్న తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నేను చూసినంతలో ఈ లోపాలు ఒక్కరివే కావు.

మూడు వేల రూపాయల ప్యాకేజీలో జన్మనక్షత్రం గుణించి చెప్పడం, ఆ నక్షత్రపు అక్షరాలతో మొదలయ్యే యాభై పేర్లు, ప్రతి పేరుకూ అర్థం, సంఖ్యాశాస్త్రం ప్రకారం సరిచేసిన ఇంగ్లీషు స్పెల్లింగు, చివరగా ఫోనులో ఒకసారి మాట్లాడే అవకాశం ఉంటాయి. అన్నీ వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వచ్చాయి. చెప్పిన గడువు దాటలేదు, మాట్లాడిన అమ్మాయి ఎంతో మర్యాదగా, ఓపికగా సమాధానాలు ఇచ్చింది. నక్షత్రం హస్త, మూడో పాదం అని వాళ్లు చెప్పినది మా పురోహితుడు గారు పంచాంగం చూసి చెప్పినదానితో సరిపోయింది. ఇంటిపేరును పాస్‌పోర్టులో ఏ గడిలో రాయాలి, పేరు గడి ఖాళీగా వదిలితే అమెరికా వీసాలో ఆ చోట 'ఎఫ్ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని పడి ఎటువంటి చిక్కులు వస్తాయి అన్న సలహా కూడా బాగుంది. ఇంటిపేరు ముందు రాసుకునే మన అలవాటు తెలిసినవాళ్లు మాత్రమే అంత వివరంగా చెప్పగలరు.

అసలు చిక్కు అక్షరం దగ్గరే మొదలైంది. హస్త నక్షత్రానికి పంచాంగం చెప్పే అక్షరాలు పూ, ష, ణ, ఠ. మూడో పాదానికి వచ్చేది ణ. ఆ అక్షరంతో మొదలయ్యే పేరు తెలుగులో గానీ సంస్కృతంలో గానీ వాడుకలో లేదు. ఇది కొత్త సమస్య కాదు. ఇటువంటి సందర్భంలో పెద్దలు అదే నక్షత్రంలోని మరో పాదపు అక్షరం తీసుకోమంటారు, లేదా జన్మనామం వేరుగా, పదిమందీ పిలిచే వ్యవహారనామం వేరుగా పెట్టుకోమంటారు. మా పురోహితుడు గారు జన్మనామానికి 'పూ' తీసుకొని పూర్ణ అని పెట్టమని, పిలిచే పేరు మీ ఇష్టం అని ఒక్క మాటలో తేల్చారు. సంస్థ పంపిన యాభై పేర్లలో మాత్రం ముప్పైకి పైగా 'న'తో మొదలయ్యాయి. ణకూ నకూ ఇంగ్లీషులో ఉన్నది ఒకటే అక్షరం కావడమే అందుకు కారణమని నాకు అనిపించింది. నకారం వాడితే తప్పేమీ లేదు. కానీ అలా మార్చామని, అందుకు ఈ కారణమని, ఇంకో దారి కూడా ఉందని ఒక వాక్యంలోనైనా చెప్పాలి. శాస్త్రప్రకారం ఇస్తున్నామని డబ్బు తీసుకున్నవారికి ఆ బాధ్యత తప్పదు.

పేర్ల విషయానికి వస్తే, నిరుపమ, నీహారిక వంటి కొన్నింటికి అర్థాలు సరిగ్గానే ఉన్నాయి. అయితే అవి అరుదైనవి కావు. అరుదైనవి అని ప్రత్యేకంగా గుర్తు పెట్టి పంపిన వాటిలోనే తప్పులన్నీ చేరాయి. 'నైరా' అన్న పేరుకు సంస్కృతంలో విశాలమైన కళ్లు కలది అని రాశారు. నేను చూసిన ఏ సంస్కృత నిఘంటువులోనూ ఆ మాట లేదు, నైజీరియా దేశపు కరెన్సీ పేరు మాత్రం అదే. 'నైషా' అంటే ప్రత్యేకమైనది అన్నారు, దానికీ ఆధారం దొరకలేదు. 'నవ్యాన్షి' అని తెలుగు లిపిలోనే అచ్చు వేశారు. నవ్య, అంశ అన్న రెండు మాటలు కలిసిన పేరు అది అనుకుంటే నవ్యాంశి అని రాయాలి. సంస్కృతపు మాట ముందు ఇంగ్లీషు స్పెల్లింగులోకి వెళ్లి, అక్కడి నుంచి తిరిగి తెలుగులోకి వచ్చేసరికి సున్న పోయి, శకారం షకారమైంది. బిడ్డ రేపు బడిలో తన పేరు తెలుగులో రాసుకోవలసి ఉంటుంది కదా. తెలుగు కుటుంబాలకు అమ్మే జాబితాలో తెలుగు లిపిని ఇంత నిర్లక్ష్యంగా చూడడం నాకు నిజంగా బాధ కలిగించింది.

సంఖ్యాశాస్త్రం నమ్మేవారి నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ ఏ పద్ధతిలో లెక్క కట్టారో చెప్పకుండా అంకె ఇవ్వడం సరికాదు. పైథాగరస్ పేరు మీద వాడుకలో ఉన్న పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలకు వరుసగా ఒకటి నుంచి తొమ్మిది దాకా విలువలు ఇస్తారు. కల్డియన్ అనే మరో పద్ధతిలో అక్షరాల విలువలు వేరు, ఏ అక్షరానికీ తొమ్మిది ఇవ్వరు. అందువల్ల యు, ఆర్, వి, ఐ అన్న నాలుగు అక్షరాలతో రాసే 'ఉర్వి' అనే పేరుకు మొదటి పద్ధతిలో 25, అంటే 7 వస్తే, రెండో పద్ధతిలో 15, అంటే 6 వస్తుంది. ఒక పద్ధతిలో అచ్చిరాని పేరు మరో పద్ధతిలో అచ్చివస్తుంది. మాకు పంపిన పేర్లలో చాలావాటికి అంకె కుదర్చడం కోసమే అదనంగా ఒక ఏ, ఒక హెచ్ చేర్చారు. ఆ అదనపు అక్షరం బిడ్డను జీవితమంతా వెంటాడుతుంది. జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తేదీన గానీ తరువాత గానీ పుట్టినవారికి బడిలో చేరడానికి, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, ప్రభుత్వ ఉద్యోగానికి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువీకరణ పత్రమే. కాబట్టి అందులో పడిన స్పెల్లింగు పదో తరగతి మెమో దాకా, ఆపైన పాస్‌పోర్టు దాకా అలాగే సాగాలి. ఎక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చినా సవరణల కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసింది తల్లిదండ్రులే.

అరుదైన పేర్లంటే నాకు వ్యతిరేకత లేదు. మన దగ్గర వాటికి పాత చరిత్ర ఉంది. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో తరువాతి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొని పెంటయ్య అని పిలుచుకున్నారు. గుంటూరు, నెల్లూరు ప్రాంతాలలో దర్గాకు మొక్కుకున్న హిందూ కుటుంబాలు మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకున్నాయి. ఉత్తరాంధ్రలో సింహాద్రి అప్పన్న పేరు మీద అప్పలరాజులు, అప్పలనాయుడులు ఇంటింటా ఉన్నారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1930లో పుట్టిన కొడుకుకు ఉప్పు సత్యాగ్రహానికి గుర్తుగా లవణం అని పేరు పెట్టారు. విజయవాడ వైద్యుడిగా తెలుగువారికి తెలిసిన సమరం కూడా ఆయన కొడుకే. ఆ రోజుల్లో కొడుకును ఉప్పు అని పిలవడానికి ఎంత ధైర్యం కావాలి! అయినా ఆ పేరు విన్నవారికి అర్థమవుతుంది, ఎందుకు పెట్టారని అడిగితే చెప్పడానికి ఒక కాలం, ఒక నమ్మకం ఉన్నాయి. డబ్బు కట్టి తెప్పించుకున్న జాబితాలో నాకు కనిపించని గుణం ఇదే. శబ్దం ఇంతవరకూ వినిపించనిదైతే చాలు అరుదైనదని అనుకున్నారు తప్ప, ఆ బిడ్డకూ, ఆ ఇంటికీ, ఆ పేరుకూ ఉన్న సంబంధం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మా పాప మొదటి వానలు పడిన వారంలో పుట్టింది. మా మరదలి పుట్టినిల్లు వ్యవసాయ కుటుంబం. వాళ్ల నాన్నగారు మనవరాలిని చూడగానే తొలకరి వచ్చిందమ్మా అన్నారు. తరువాత ఇంట్లో అందరం అలాగే పిలవసాగాం. ఫోనులో మాట్లాడే అవకాశం ఇంకా మిగిలి ఉండడంతో ఆ పేరు మీద సంస్థ అభిప్రాయం అడిగాం. తమ దగ్గర ఆ పేరుకు అర్థం లేదని, అంకె కూడా అనుకూలంగా లేదని, ఇంగ్లీషు స్పెల్లింగు చివర ఒక ఇ చేరిస్తే మేలని చెప్పారు. తెలుగు రైతు ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలిసిన మాటకు తెలుగు పేర్ల సంస్థ దగ్గర అర్థం లేకపోవడం కన్నా ఈ సేవ గురించి నేను వేరే చెప్పవలసినది లేదు. బారసాల నాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాసినవి పూర్ణ, తొలకరి అన్న రెండు పేర్లే. ధ్రువీకరణ పత్రంలోకి ఎక్కినది రెండోది, అదనపు అక్షరాలేవీ లేకుండా.

సంస్థవాళ్లు ఇరవై ఒకటో రోజు లోపు పేరు తేల్చకపోతే నమోదు కష్టమవుతుందని తొందరపెట్టారు. అది నిజం కాదు. ఇరవై ఒక్క రోజుల గడువు జననాన్ని నమోదు చేయించడానికి మాత్రమే. పేరు లేకుండానే నమోదు చేయించి, ఆ తరువాత పన్నెండు నెలల లోపు రుసుము లేకుండా, పదిహేనేళ్ల లోపు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు.

నక్షత్రం, పాదం తెలుసుకోవాలన్నంత వరకే అయితే ఇటువంటి సంస్థ దగ్గర తక్కువ ధరకు ఉండే చిన్న ప్యాకేజీ సరిపోతుంది, దగ్గరలో పురోహితుడు లేని విదేశీ తెలుగు కుటుంబాలకు అది మేలే చేస్తుంది. పేర్ల జాబితా కోసం మూడు వేలు పెట్టమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఒకవేళ తీసుకోవాలనుకుంటే, డబ్బు కట్టకముందే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ప్రతి అర్థానికీ ఏ నిఘంటువు ఆధారం, అంకె ఏ పద్ధతిలో కట్టారు, పేరును తెలుగు లిపిలో ఎవరు సరిచూశారు. అర్థాలను మీరే సరిచూసుకోవాలంటే ఆంధ్రభారతి వెబ్‌సైటులో శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు వంటివి ఒకే చోట ఉచితంగా వెతకవచ్చు.