సైజు దొరికినా ఆకృతి కుదరని ఆఫీసు ప్యాంటు

ఒక విదేశీ బ్రాండు హైదరాబాదులోని తన దుకాణంలో అమ్ముతున్న మహిళల ఆఫీసు ప్యాంటును గుడ్డ విషయంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. తొందరగా ముడతలు పడదు, ఉతికినా రంగు వెలియలేదు, కుట్టు నీటుగా ఉంది, అన్నిటికీ మించి ఫోను పూర్తిగా పట్టే జేబులున్నాయి. ఆడవాళ్ల బట్టల్లో అది ఎంత అరుదో వేరే చెప్పనక్కరలేదు. చిక్కంతా తొడుక్కున్నాకే మొదలవుతుంది. సీటు (పిరుదుల) దగ్గర సరిగ్గా పట్టిన సైజులో నడుము హుక్కు పెట్టుకోవడమే కష్టమైంది. నడుముకు వీలుగా ఉన్న పై సైజు తీసుకుంటే సీటు, తొడల దగ్గర గుడ్డ వదులుగా వేలాడింది. పొడవు మాత్రం రెండింటిలోనూ మడమ దాటింది.

ఇక్కడ తేడా సైజులో లేదు, ఆకృతిలో ఉంది. కంపెనీలు సాధారణంగా ఒక మోడల్ ఒంటికి తగినట్టు మూల నమూనాను కత్తిరించి, దాన్నే ఒక లెక్క ప్రకారం పెంచుతూ, తగ్గిస్తూ మిగతా సైజులు తయారుచేస్తాయి కాబట్టి, ఆ మోడల్ నడుముకూ సీటుకూ మధ్య ఉన్న పొంతనే ఇంచుమించు అన్ని సైజుల్లోనూ కొనసాగుతుంది. ఐరోపా స్త్రీలతో పోలిస్తే దక్షిణాసియా స్త్రీలలో పొట్ట చుట్టూ కొవ్వు చేరే ధోరణి సగటున ఎక్కువ. అందరి ఒళ్లూ అలాగే ఉండవు గానీ, అలా ఉన్నవారికి ఈ ప్యాంటు సైజుల పట్టికలో ఏ అంకె ఎంచుకున్నా ఒకచోట బిగుతు, మరోచోట వదులు తప్పవు.

ఇలాంటి పట్టికల చరిత్ర కూడా అంత నిష్పక్షపాతమైనది కాదు. 1939–40లో అమెరికా వ్యవసాయ శాఖ సుమారు 15,000 మంది స్త్రీల కొలతలు సేకరించినప్పుడు, శ్వేతజాతికి చెందని వారి కొలతలను లెక్కలోంచి తీసివేశారు. 1958లో అక్కడ వచ్చిన సైజుల ప్రమాణానికి ఆధారం ఆ కొలతలే. జపాన్ ప్రమాణం ఇంతకంటే ఆలోచించి చేసినది. అక్కడి లేబుల్‌పై 9ఏఆర్ అని ఉంటే 9 ఛాతీ కొలతను, ‘ఏ’ అక్షరం ఒంటి ఆకృతిని, ‘ఆర్’ 158 సెంటీమీటర్ల ఎత్తును సూచిస్తాయి. అదే ఛాతీకి, అదే ఎత్తుకు సీటు ‘ఏ’ ఆకృతి కంటే 4 సెంటీమీటర్లు ఎక్కువైతే ‘ఏబీ’, 8 ఎక్కువైతే ‘బీ’, 4 తక్కువైతే ‘వై’. మన దేశంలోనూ జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) 15 నుంచి 65 ఏళ్ల మధ్యవారిలో 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే ఇండియాసైజ్ సర్వేను తలపెట్టి, అందుకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాదును కూడా చేర్చింది. ఈ ప్యాంటు పట్టికలో మాత్రం అలాంటి ఆలోచన జాడ కనబడదు.

ఆల్టరేషన్ చేయించుకోవచ్చు కదా అంటే, పొడవు తగ్గించడం సులువే. పై సైజు కొని సీటు, తొడలు తగ్గించాలంటే పక్క జేబులు అడ్డొస్తాయి. అందుకే సీటుకు సరిపోయే సైజే కొని, వెనక కుట్టు విప్పి నడుము వదులు చేయించుకోవడం మేలు. అక్కడ లోపల అర అంగుళం గుడ్డ వదిలారు గనుక కొంతవరకు వీలవుతుంది. అంతకంటే ఎక్కువ కావలసినవారికి ఇదే దుకాణంలో వెనక ఎలాస్టిక్ ఉన్న రకం ఉంది, ధర కూడా తక్కువే, కాకపోతే దానికి జేబులు లేవు.