మూడేళ్ల డిగ్రీతో హెచ్‌-1బీ: ఏళ్లుగా వాడుతున్న ఇవాల్యుయేషన్ రిపోర్టు గురించి

నాది బీఎస్సీ, ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్). అమెరికాలో బ్యాచిలర్స్ అంటే నాలుగేళ్లు కాబట్టి, నా మూడేళ్ల డిగ్రీ ఒక్కటే అక్కడి ఉద్యోగ వీసా హెచ్‌-1బీకి చాలదని లాయరు ముందే చెప్పారు. అందుకే నా చదువు, అనుభవం కలిపితే అమెరికా బ్యాచిలర్స్‌కు సమానమని చూపే ఇవాల్యుయేషన్ రిపోర్టు చేయించాం. అప్పుడు చేయించిన ఆ రిపోర్టే కంపెనీ మారినప్పుడూ, ఎక్స్‌టెన్షన్లకూ వాడుతూ వస్తున్నాను. హెచ్‌-1బీ వరకు దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అందులో చదువు భాగం తేలిగ్గానే తేలింది. మార్కుల మెమోలు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా) చూసి సబ్జెక్టులవారీగా క్రెడిట్లు వేశారు. అసలు పనంతా అనుభవం దగ్గరే. మూడేళ్ల స్పెషలైజ్డ్ పని ఒక ఏడాది కాలేజీకి సమానమనే లెక్క హెచ్‌-1బీ నిబంధనల్లోనే ఉంది. అయితే ఇవాల్యుయేషన్ సంస్థ చదువును మాత్రమే అంచనా వేయగలదు. అనుభవానికి క్రెడిట్ ఇచ్చే అధికారం ఉన్న యూనివర్సిటీ ప్రొఫెసర్ లెటర్ విడిగా జతచేశారు. దానికి ఆధారం మన పాత కంపెనీలిచ్చే ఎక్స్‌పీరియెన్స్ లెటర్లే. నా మొదటి కంపెనీ లెటర్లో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా తప్ప ఏమీ లేవు. అది పనికిరాదన్నారు. ఏ టెక్నాలజీ మీద ఏ పని చేశానో, నాతో పనిచేసినవాళ్లకు ఏ డిగ్రీలున్నాయో అన్నీ రాయించి మళ్లీ తెప్పించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఉద్యోగం మానేసే రోజే ఇవన్నీ రాయించుకోండి, దయచేసి.

గ్రీన్‌కార్డు దగ్గరికి వచ్చేసరికి ఇదే రిపోర్టు చేతులెత్తేసింది. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో రెండో విభాగమైన ఈబీ-2కి సాధారణంగా మాస్టర్స్ ఉండాలి, లేదా బ్యాచిలర్స్ తర్వాత ఐదేళ్ల అనుభవం ఉండాలి. ఆ బ్యాచిలర్స్ అమెరికా బ్యాచిలర్స్‌కు సమానమైన డిగ్రీయే కావాలి, అనుభవాన్ని చదువుగా చూపే మూడుకొకటి లెక్క అక్కడ చెల్లదు. దాని తర్వాతిదైన ఈబీ-3లోని ప్రొఫెషనల్ విభాగంలోనూ అంతే. నాకు మిగిలింది ఈబీ-3 స్కిల్డ్ వర్కర్ దారి. అందులోనే వేశాం. నిజం చెప్పాలంటే చాలా బాధపడ్డాను. పనిలో నాకేం తక్కువ?

బీఎస్సీ తర్వాత పాత మూడేళ్ల ఎంసీఏ చేసినవాళ్లకు ఇంత టెన్షన్ ఉండదు. వాళ్ల చదువును సాధారణంగా మాస్టర్స్‌గానే చూస్తారు. మూడేళ్ల డిగ్రీతో ఆగినవాళ్లు మాత్రం రిపోర్టుకు డబ్బు కట్టేముందే, ఇది గ్రీన్‌కార్డులో ఏ విభాగానికి పనికొస్తుందో లాయరును అడిగి, జవాబు ఈమెయిల్లో తీసుకోండి.