జంక్షన్ బాక్సు మూతలు: ఏళ్ల తరబడి విప్పి బిగించాక ఏవి నిలిచాయి

జంక్షన్ బాక్సు మూతలన్నీ కొత్తలో బాగానే కూర్చుంటాయి. తేడా నాలుగైదుసార్లు విప్పి మళ్లీ బిగించాక బయటపడుతుంది. స్క్రూ పట్టు తప్పుతుంది, క్లిప్పు విరుగుతుంది, రబ్బరు అణిగిపోయి మళ్లీ లేవదు. భవనాల వైరింగ్ నిర్వహణ చాలా ఏళ్లుగా నా పని. అందువల్ల ఒకే మూతను కొత్తగా ఉన్నప్పుడూ, బాగా పాతబడ్డాకా కూడా చూశాను. ఏ రకం మూత ఏ చోట నిలిచింది, నిబంధనలు ఏమడుగుతాయి, ఎందుకు అడుగుతాయి అన్నదే ఈ సమీక్ష. కంపెనీల జోలికి వెళ్లడం లేదు, ఎందుకంటే ఒకే కంపెనీ మంచి మూతా చేస్తుంది, పనికిరాని మూతా చేస్తుంది.

బాక్సులో ఉండేవి జాయింట్లు. వైరింగ్‌లో ముందుగా వదులయ్యేదీ, వేడెక్కేదీ జాయింటే. అది నిప్పురవ్వ విసిరితే ఆ రవ్వ బాక్సులోనే ఆరిపోవాలి. అందుకే అమెరికా వైరింగ్ కోడ్ ఎన్‌ఈసీలో 314.25 సెక్షన్ సూటిగా చెబుతుంది: పని పూర్తయ్యాక ప్రతి బాక్సుకూ మూతో, ఫేస్‌ప్లేటో, బల్బు హోల్డరో, బాక్సును కప్పే లైటు క్యానపీయో (లైటు పైగిన్నె) ఉండి తీరాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364 ఇదే విషయాన్ని షాక్ వైపు నుంచి చూస్తుంది. కరెంటున్న భాగాలకు వేలు తగలకూడదు, అంటే కనీసం ఐపీ 2ఎక్స్ స్థాయి రక్షణ (ఐపీ అంటే వస్తువులు, నీరు దూరకుండా ఇచ్చే రక్షణకు కొలత), 12.5 మి.మీ. కన్నా పెద్ద వస్తువు లోపలికి దూరకూడదు. చేతికందే పైభాగం అడ్డంగా, చదునుగా ఉంటే ఇంకా గట్టిగా, 1 మి.మీ. తీగ కూడా దూరనంతగా మూసి ఉండాలి. పైనుంచి ఏదైనా జారి పడే అవకాశం అక్కడే ఎక్కువ కదా.

అదే ప్రమాణంలో ఇంకో షరతు ఉంది. కరెంటు ఆపకుండా తీయగలిగే మూత అయితే, పనిముట్టో తాళంచెవో ఉంటేనే ఊడిరావాలి. మూతల్ని తూచడానికి నేను మొదట వాడే కొలత ఇదే. నొక్కితే టప్పుమని కూర్చునే గుండ్రటి ప్లాస్టిక్ మూతలు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. కొత్తలో గట్టిగానే ఉంటాయి. కొన్నేళ్లకు క్లిప్పుల్లో స్ప్రింగు గుణం పోయి గోరుతో లాగినా వచ్చేస్తాయి, సీలింగులో అయితే ఒక్కోసారి వాటంతటవే రాలిపడతాయి. గోడకు రంగు వేసేటప్పుడు వీటిని ఊడదీసి పక్కన పెడతారు, తిరిగి పెట్టేసరికి ఒక క్లిప్పు విరిగి ఉంటుంది. నా చేతికి వచ్చినచోటల్లా వీటిని తీసేసి స్క్రూ మూతలు పెడుతూ వచ్చాను. బాక్సులో స్క్రూ రంధ్రాలు లేకపోతే బాక్సు మార్చడమే మంచిది. జిగురు పూసి అతికించడం మాత్రం వద్దు, ఎందుకంటే తర్వాత వచ్చే మనిషి దాన్ని పగలగొట్టి తీయాల్సి వస్తుంది.

స్క్రూల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మూత చెడిపోయిందని మనం అనుకునే చోట చాలాసార్లు చెడింది స్క్రూ మరే. ఎన్‌ఈసీ కూడా మూత బిగించడానికి బాక్సు మరకు సరిపోయే మెషిన్ స్క్రూలే వాడమంటుంది. జిప్సం బోర్డుకు వాడే మొనదేలిన స్క్రూ పెడితే రెండు నష్టాలు: బాక్సు మరను కోసేస్తుంది, లోపల వైరు ఇన్సులేషన్‌ను కూడా గుచ్చుతుంది. అమెరికా పద్ధతి బాక్సుల్లో స్విచ్చు, సాకెట్టు బిగించే చోట 6-32 స్క్రూ (6 లావు నంబరు, 32 అంగుళానికి మర చుట్లు), నాలుగంగుళాల చదరపు బాక్సు మూతకు 8-32 స్క్రూ వస్తాయి. బ్రిటిష్ పద్ధతి ఇనుప బాక్సుల్లో ఎం3.5 (3.5 మి.మీ. లావు) ఉంటుంది. 6-32కూ ఎం3.5కూ లావు దాదాపు ఒకటే, కంటికి తేడా తెలియదు. మర చుట్ల మధ్య దూరం మాత్రం వేరు: ఒకటి సుమారు 0.79 మి.మీ., రెండోది 0.6. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెడితే ఒకటి రెండు చుట్లు సాఫీగా తిరిగి బిగుసుకుపోతుంది. ఇంకాస్త బలం పెడితే మర పోతుంది. స్క్రూ చేత్తో చాలాదూరం తిరగకపోతే ఆపేయండి, స్క్రూడ్రైవర్‌తో ఒప్పించాలని చూడొద్దు. మూతలోంచి ఊడిపోని స్క్రూలున్న రకం దొరికితే అదే తీసుకోండి. నిచ్చెన మీద నిలబడి సీలింగు బాక్సు తెరిచే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఇనుప మూత, ప్లాస్టిక్ మూత అన్న ప్రశ్నకు నా జవాబు బాక్సును బట్టి మారుతుంది. ఎర్త్ చేసిన ఇనుప బాక్సుకు ఇనుప మూతే నచ్చుతుంది. వంగదు, వేడికి మెత్తబడదు, ఎలుక కొరకలేదు. అయితే ఆ మూతకు కూడా ఎర్త్ అందాలి. స్క్రూ తల కింద, మూత అంచున దట్టమైన పౌడర్ కోటింగ్ ఉంటే లోహం లోహాన్ని తాకదు. పళ్ల వాషర్ వేసి, లేదా ఆ చోట రంగు గీకి, మీటరుతో కంటిన్యుయిటీ (ఎర్త్ తెగకుండా అందుతోందా అని) చూశాకే వదులుతాను. కబ్జా తలుపులా తెరుచుకునే మూతయితే విడిగా ఒక ఎర్త్ వైరు వేస్తాను, కబ్జాను నమ్మను. అసలు ప్రమాదం ప్లాస్టిక్ బాక్సు మీద ఇనుప మూత పెట్టినప్పుడు. అందంగా ఉంటుందని స్టీల్ బ్లాంక్ ప్లేటు (స్విచ్చుల్లేని ఖాళీ మూత) కొని ప్లాస్టిక్ బాక్సుకు బిగిస్తారు. స్క్రూలు ప్లాస్టిక్‌లోకి దిగుతాయి, ఎర్త్ ఎక్కడా అందదు. లోపల ఒక ఫేజ్ వైరు ఊడి మూతకు తగిలితే ఆ ప్లేటు మొత్తం కరెంటుతో నిలబడి ఉంటుంది, బ్రేకరేమో పడదు. ఆ మూతకు ఎర్త్ తీగ కలపాలి, కుదరకపోతే ప్లాస్టిక్ మూత పెట్టాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

గోడ లోపలికి దిగిపోయిన బాక్సులది ఇంకో బెడద. టైల్స్ వేశాకో, చెక్క ప్యానెల్ కొట్టాకో బాక్సు అంచు వెనక్కి పడిపోతుంది, పొడవాటి స్క్రూతో మూతను లాగి బిగించేస్తారు. మధ్యలో మిగిలిన సందులో చెక్కో, వాల్‌పేపరో జాయింట్లకు ఎదురుగా నిలబడి ఉంటుంది. కాలని గోడలో బాక్సు అంచు 6 మి.మీ. వరకు లోపలికి ఉన్నా ఎన్‌ఈసీ ఒప్పుకుంటుంది. చెక్కలాంటి కాలే గోడలో ఉపరితలంతో సమంగానో, కాస్త బయటికో ఉండాలి. చుట్టూ ప్లాస్టర్ పగిలి ఉంటే ఆ సందు 3 మి.మీ. మించకుండా పూడ్చాలి. దీనికి మందు బాక్సు అంచును ముందుకు పెంచే ఎక్స్‌టెన్షన్ రింగు. చవక వస్తువు, వాడిన ప్రతిచోటా తృప్తినిచ్చింది.

ఇక తడి. బయట గోడకు, బాత్రూమ్ దగ్గర, పంపుల గదిలో పెట్టే మూతల మీద ఐపీ 65 అనో, ఐపీ 66 అనో రాసి ఉంటుంది. ఐఈసీ 60529 ప్రకారం మొదటి అంకె వస్తువులకు, దుమ్ముకు, రెండోది నీటికి. మొదటి అంకె 6 అంటే దుమ్ము అసలు రాదు. రెండో అంకెలో 4 అంటే చిందే నీరు, 5 అంటే చిమ్మే నీరు, 6 అంటే బలంగా చిమ్మే నీరు. ఈ రేటింగు మూతకొక్కదానికే చెందదు. మూత, గ్యాస్కెట్ (మూత అంచు కింది రబ్బరు), స్క్రూలన్నీ, గ్లాండులు (వైరు దూరే చోట బిగించే సీళ్లు), వాడని రంధ్రాలకు పెట్టే ప్లగ్గులు, అన్నీ సరిగ్గా ఉంటేనే ఆ అంకెలకు అర్థం. నాలుగు స్క్రూల్లో ఒకటి లేని ఐపీ 65 బాక్సులు నాకు తరచూ ఎదురవుతాయి. అవి వర్షానికి తెరిచి ఉన్నట్టే లెక్క. వైర్లను పైనుంచి దించితే నీరు వైరు వెంట నేరుగా గ్లాండు మీదికి వస్తుంది. కుదిరినచోటల్లా కిందినుంచే ఎక్కించండి.

గ్యాస్కెట్ విషయంలో ఏళ్ల తర్వాత తేలిన తేడా పెద్దది. అతికించిన పలుచని ఫోమ్ పట్టీ ఒకసారి అణిగితే అణిగినట్టే ఉంటుంది. మూత తెరిచి మూశాక గీత పాత చోట కూర్చోదు. గాడిలో దిగే ఈపీడీఎం రబ్బరు, సిలికాన్ రబ్బరు ఎక్కువకాలం నిలిచాయి. ఈపీడీఎం రబ్బరుకు పెట్రోలియం జెల్లీ, మామూలు గ్రీజు పూయకండి, ఉబ్బి మెత్తబడుతుంది. దానికి సిలికాన్ గ్రీజు పూయవచ్చు. స్క్రూలు మూలకు మూల బిగించాలి, ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకు వెళితే రబ్బరు ఒకచోట నలిగి ఇంకోచోట తేలిపోతుంది.

ఎంత బాగా మూసినా లోపల నీటి చుక్కలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. పగలు ఎండకు బాక్సులో గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి తేమ గాలిని లోపలికి పీలుస్తుంది, ఆ తేమ మూత లోపలివైపు చెమ్మగా మారుతుంది. సందుల్లో సిలికాన్ సీలెంట్ పూసి ఇంకా బిగించాలని చూస్తే లోపల చేరిన నీరు పోయే దారి కూడా మూసుకుపోతుంది. గాలి పోనిచ్చి నీటిని ఆపే వెంట్ ప్లగ్గు నాకు బాగా పనిచేసింది. తడి ప్రదేశాల్లో తగిన బాక్సుకు అడుగున 3 నుంచి 6 మి.మీ. డ్రెయిన్ రంధ్రాన్ని ఎన్‌ఈసీ కూడా అనుమతిస్తుంది. తయారీదారు గుర్తుపెట్టిన చోటే ఆ రంధ్రం వేయాలి.

బయట సాకెట్టు ఉంటే మూత ఎంపిక మారుతుంది. రెక్క మూత ప్లగ్గు లేనప్పుడే కాపాడుతుంది. ప్లగ్గు గుచ్చి ఉంచే చోట, వర్షం తగిలే చోట, ప్లగ్గు లోపల ఉండగానే మూసుకునే బుడగ మూత కావాలి. తడి ప్రదేశంలో 15, 20 ఆంపియర్ల సాకెట్లకు ఎన్‌ఈసీ అడిగేది ఇదే. పలుచని ప్లాస్టిక్ బుడగలు కబ్జా దగ్గర విరుగుతాయి, పోత అల్యూమినియంవి ఎక్కువకాలం మన్నాయి. ఒక జాగ్రత్త: అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ స్క్రూ తడి చోట పట్టేసి తర్వాత తల విరిగేదాకా రాదు. బిగించేటప్పుడే మరకు యాంటీ సీజ్ (పట్టేయకుండా చేసే) పేస్టు పూయండి.

ప్లాస్టిక్ మూతల్లో పీవీసీ లోపలి గదులకు సరిపోతుంది. ఎండలో పచ్చబడి పెళుసవుతుంది. ఏబీఎస్ ఎండకు ఇంకా బలహీనం. బయట యూవీ రక్షణ ఉన్న పాలికార్బొనేట్ బాగా నిలిచింది. కానీ థిన్నర్, పెట్రోల్ తగిలితే దాంట్లో సన్నని పగుళ్లు పుడతాయి, స్క్రూ రంధ్రం చుట్టూ ముందు కనిపిస్తాయి. సబ్బు నీటి గుడ్డతో తుడవడమే దానికి మేలు. పారదర్శక మూత పంపుల గదిలో ఎంతో ఉపయోగపడుతుంది: నల్లబడ్డ జాయింటు, చేరిన నీరు విప్పకుండానే కనిపిస్తాయి. కొనేటప్పుడు గ్లో వైర్ పరీక్ష అంకె చూడండి. ఐఈసీ 60695 శ్రేణిలోని ఆ పరీక్షలో ఎర్రగా కాల్చిన తీగను ప్లాస్టిక్‌కు ఆనిస్తారు, ఆ తీగ వేడే ఈ అంకె. రెండు రకాలు చేతిలో ఉంటే 650 డిగ్రీలది వదిలి 850 డిగ్రీలది తీసుకుంటాను.

మూతను మోకాలితో నొక్కితేగానీ స్క్రూ అందని బాక్సుకు కావాల్సింది కొత్త మూత కాదు, పెద్ద బాక్సు. ఎన్‌ఈసీ లెక్కలో 12 గేజి వైరు ఒక్కోదానికి 36.9 ఘన సెం.మీ. చోటు ఉండాలి. ఘనపరిమాణం ముద్రించిన ఉబ్బెత్తు మూత అయితే దాని చోటు కూడా కలుపుకోవచ్చు. కాస్త తక్కువైన చోట ఇది చాలాసార్లు గట్టెక్కించింది.

మూత ఎంత మంచిదైనా అది కనబడాలి, చేతికందాలి. ప్లాస్టర్ కిందా, వాల్‌పేపర్ కిందా కప్పేసిన బాక్సును నిబంధనలు ఒప్పుకోవు. మళ్లీ చూడాల్సిన పనిలేని కొన్ని రకాల జాయింట్లకే ఐఈసీ మినహాయింపు ఇస్తుంది. నిలువెత్తు అల్మరా వెనక దాగిన బాక్సు కోసం గోడంతా తట్టుకుంటూ వెతికిన రోజులున్నాయి. అందుకే బ్లాంక్ ప్లేటు గోడ రంగుకు సరిపోయేది ఎంచుకుని, బయటికే వదలమని ఇంటివాళ్లను ఒప్పిస్తాను. ఏ సర్క్యూటో, ఏ బ్రేకరో రాసిన చీటీ మూత వెనక ఒకటి, బాక్సు లోపలి గోడకు ఒకటి అంటిస్తాను. రంగు వేసేవాళ్లు ఒకేలాంటి మూతల్ని ఒకచోట పోగేసి తిరిగి పెట్టేటప్పుడు అవి తారుమారవుతాయి. బాక్సు మీది చీటీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అయినా చీటీని చదివి బ్రేకర్ దించాక, టెస్టర్ పెట్టి చూడకుండా వైరు ముట్టను.