'శాటిలైట్ ఫోన్' పేరుతో అమ్ముతున్న సరుకు: విశాఖ కొనుగోలుదారులకు హెచ్చరిక

టవర్ సిగ్నల్ అందని చోట కూడా నేరుగా ఉపగ్రహం ద్వారా మాట్లాడవచ్చని చెప్పి, జగదాంబ జంక్షన్ పరిసరాల్లోని ఒక మొబైల్ దుకాణం వారు మా బావగారికి ఒక మామూలు ఫోనును, దానితో పాటు 'శాటిలైట్ ప్యాక్' అనే ఏడాది రీఛార్జి కార్డును అంటగట్టారు. ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటులో ఆయనకు వాటా ఉంది. ఒడ్డు వదిలిన కొద్దిసేపటికే సెల్ సిగ్నల్ పోయే వృత్తిలో ఉన్న మనిషికి అలాంటి మాట ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. హార్బర్‌లో మరికొందరికి, పాడేరు, అరకు వైపు ఉద్యోగాలు చేసేవారికి కూడా ఇదే మాట చెప్పి అమ్ముతున్నారని తెలియడంతో ఇది రాస్తున్నాను.

ముందుగా వారు చూపించే ప్రదర్శన గురించి చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవారు కూడా దానికే పడిపోతున్నారు. అమ్మే కుర్రవాడు ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రోడ్డు మీదికి తెచ్చి, ముందే దాచి ఉంచిన మ్యాపు తెరిచి, మనం నడుస్తుంటే అందులోని నీలి చుక్క కదలడం చూపించి, "చూశారా, సిమ్ లేకుండానే ఉపగ్రహం పట్టేసింది" అంటాడు. ఆ చుక్క జీపీఎస్ పని. అది చౌక ఫోన్లలోనూ ఉంటుంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ ఉపగ్రహాలు సంకేతాలు పంపుతూ ఉంటాయి, ఫోను వాటిని వింటుంది, అంతే. ఫోను నుంచి వాటికి ఒక్క అక్షరం కూడా వెళ్లదు. పెట్టె మీద 'నావిక్' అని ముద్రించి ఉండటాన్ని చూపించి ఇస్రో ఉపగ్రహంతో కాల్స్ వెళ్తాయని చెప్పడం కూడా ఇలాంటి మాయే. మామూలు ఫోన్లలో ఉండే నావిక్ మనం ఎక్కడ ఉన్నామో తెలిపే వ్యవస్థ, మాట మోసుకుపోయేది కాదు.

దుకాణంలో అద్దం కింద ఒక వార్తాపత్రిక ముక్క కూడా అతికించారు. 2025 డిసెంబర్ 24న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ సుమారు 6,100 కిలోల బ్లూబర్డ్ బ్లాక్-2 ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చిందన్న వార్త అది. వార్త నిజమే. ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్ అనే అమెరికా సంస్థ సాధారణ ఫోన్లకు నేరుగా సేవ అందించడానికే దాన్ని తయారు చేసింది. అయితే దాని యాంటెన్నా దాదాపు 223 చదరపు మీటర్లు ఎందుకు ఉందో ఆలోచిస్తే దుకాణం వారి మాటలోని డొల్లతనం బయటపడుతుంది. మన ఫోను పంపే శక్తి సాధారణంగా వాట్‌లో ఐదోవంతు మించదు. అయిదు వందల కిలోమీటర్ల పైనుంచి అంత బలహీనమైన సంకేతాన్ని పట్టుకోవాలంటే పెద్ద చెవి ఆకాశంలో ఉండాలి తప్ప, ఫోనుకు తగిలించే కవరులోనో గీకే కార్డులోనో ఉండి ప్రయోజనం లేదు.

పైగా ఉపగ్రహం ఒక్కటే ఉంటే చాలదు. ఫోను వాడే తరంగాల మీద ఆ దేశంలో హక్కు, ప్రభుత్వ అనుమతి ఉన్నవారే ఈ సేవ ఇవ్వగలరు. న్యూజిలాండ్‌లో వన్ ఎన్‌జెడ్ అనే టెలికాం సంస్థ 2024 డిసెంబర్‌లో మెసేజ్‌లతో, అమెరికాలో టీ-మొబైల్ అనే టెలికాం సంస్థ 2025 జులైలో, రెండూ ఎలాన్ మస్క్ కంపెనీకి చెందిన స్టార్‌లింక్ ఉపగ్రహాలతోనే ఈ సేవను మొదలుపెట్టాయి. మన దేశంలో స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో వచ్చిన లైసెన్సు చూపించి కూడా అమ్ముతున్నారు గాని, ఇక్కడ ఆ సంస్థ తలపెట్టినది ఇంటి మీద డిష్ పెట్టుకొని వాడే ఇంటర్నెట్. కాబట్టి అమ్మేవారిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: భారతదేశంలో ఈ సేవను ఏ టెలికాం సంస్థ ఇస్తోంది, ఆ సంస్థ సొంత ప్లాన్ల జాబితాలో ఇది ఎక్కడ ఉంది? మా బావగారి కార్డు మీద ఏ సంస్థ పేరూ లేదు, ఉపగ్రహం బొమ్మ మాత్రం చక్కగా ఉంది.

నడిసముద్రంలో ఇంజను మొరాయించిన రాత్రి ఆ ఫోను 'నో సర్వీస్' అనే చూపించింది. బోటులోని వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు పనిచేయబట్టి పక్క బోటువారు వచ్చి తాడు కట్టి లాక్కొచ్చారు. తర్వాత దుకాణానికి వెళ్లి అడిగితే, అప్‌డేట్ రావాలని ఒకసారి, ఆకాశం మబ్బుగా ఉండి ఉంటుందని మరోసారి చెప్పి, చివరికి బిల్లు చూడమన్నారు. బిల్లులో ప్యాక్ సొమ్మును 'యాక్సెసరీస్' అని రాశారు. ఉపగ్రహం అన్న మాటే లేదు. ఎవరు కొన్నా, నోటితో చెప్పిన ప్రతి సౌకర్యాన్నీ జీఎస్టీ బిల్లులో రాయించుకోండి. రాయడానికి వెనుకాడితే అక్కడే వదిలేసి రండి.

ఇది పనిచేయకపోతే 'అసలుది' తెప్పిస్తామని కూడా అక్కడ ఆశపెడుతున్నారు. ఈ మాట మరింత ప్రమాదకరం. దూరసంచార శాఖ అనుమతి లేకుండా తురయా, ఇరీడియం వంటి శాటిలైట్ ఫోన్లు దగ్గర ఉంచుకోవడం మన దేశంలో నేరం. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊళ్లో, అదీ బోటులో అలాంటిది దొరికితే ఎవరూ తేలికగా తీసుకోరు.

వేటకు వెళ్లేవారికి ఈ ఖర్చు అవసరమే లేదు. కేంద్రం 2024 ఆగస్టులో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకం మొదలుపెట్టింది. ఇస్రో రూపొందించిన ఆ పరికరం ఉపగ్రహం ద్వారానే ఒడ్డుకూ పడవకూ మధ్య మెసేజ్‌లు చేరవేస్తుంది, దానికి డబ్బు కట్టనక్కరలేదు. మీ బోటుకు ఇంకా రాకపోతే మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. ఒడ్డున ఉన్న ఇంటివారు కోస్ట్ గార్డ్ నంబరు 1554ను రాసి పెట్టుకోండి.

మేము జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాము, పరిష్కారం ఇంకా రాలేదు. ఇలాంటి ప్యాక్ కొన్నవారు కార్డును పారేయకుండా రెండు వైపులా ఫోటో తీసి, బిల్లుతో పాటు జతచేసి అదే హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. దుకాణంలో కాకుండా ఫోనులో వచ్చిన లింకు ద్వారా డబ్బు పంపి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కు చెప్పండి.